సుబ్బారావు గారి మందు, బడిలో ఇచ్చే గులాబీ మాత్ర

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గురించి రాసేవాళ్లు భీమవరంలో పుట్టారనీ నోబెల్ రాలేదనీ చెప్పి ఊరుకుంటారు. ఆయన బృందం చేసిన పని ఇవాళ మన విశాఖ అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే పిల్లల మందుల సంచుల్లో ఉంది. దాని పేరు మెథోట్రెక్సేట్. అదెలా పనిచేస్తుందో తెలిస్తే ఇంట్లో ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది.

కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. 1940ల్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకీమియా (రక్త కేన్సర్) పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే దాన్ని అడ్డుకుంటే? అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా ఉండే అణువుల్ని తయారుచేసి పంపింది. ఫోలిక్ యాసిడ్‌ను వాడుకునే కణంలోని ఎంజైమ్‌లోకి ఇవి తాళంలో ఇరుక్కుపోయిన మారు తాళంచెవిలా దూరి కదలవు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1947 డిసెంబరులో వాడడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే, ఒక్క మిథైల్ గుంపు తేడా.

ఒక్క మందుతో జబ్బు తిరగబెడుతుంది కాబట్టి తర్వాత మందుల్ని కలిపి ఇవ్వడం వచ్చింది. ఇప్పుడు ఏఎల్ఎల్‌కు (పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకీమియా రకం) మొత్తం వైద్యం రెండు నుంచి మూడేళ్లు. అందులో ఎక్కువ భాగం ఇంట్లోనే నడిచే మెయింటెనెన్స్: రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్.

అత్యంత ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మెథోట్రెక్సేట్ డోసు ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్కన, 0.75 చదరపు మీటర్ల పాపకు 15 మిల్లీగ్రాములు, అంటే 2.5 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. ఆ ఆరూ వారంలో ఒకే రోజు. రోజుకొకటి చొప్పున వేస్తే నోరు పుండ్లు పడి, రక్తకణాల కౌంట్లు కూలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డబ్బా మీద ఆ రోజు పేరు పెద్దక్షరాలతో రాయించండి.

మెర్కాప్టోప్యూరిన్‌ది వేరే కథ, అది తప్పిపోతూ ఉంటుంది. 95 శాతం కంటే తక్కువ వాడిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని పరిశోధనలు చూపాయి. నెలలో రెండు రోజులు మరిచినా ఆ గీత దాటినట్టే.

రక్తపరీక్షలో మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) శాతంతో గుణించండి, వచ్చేదే న్యూట్రోఫిల్ కౌంటు: 2,400లో 40 శాతం అంటే 960. సాధారణంగా 500 నుంచి 1,500 మధ్య ఉంచాలని చూస్తారు. కౌంటు బాగా పెరిగిందని చాలామంది తల్లిదండ్రులు సంతోషిస్తారు. వారాల తరబడి అలాగే ఉంటే మందు చాలడం లేదనో, సరిగా పడడం లేదనో అర్థం. మామూలు డోసుకే కౌంట్లు మాటిమాటికీ పడిపోతుంటే ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ జన్యు పరీక్షల గురించి అడగండి. మొదటి దానిలో తేడాలు మన ఆసియా వాళ్లలో ఎక్కువ, ఆ తేడాలున్న పిల్లలకు మెర్కాప్టోప్యూరిన్ డోసు బాగా తగ్గించాలి.

ఇక ఫోలిక్ యాసిడ్. బడుల్లో రక్తహీనతకు వారం వారం చిన్న పిల్లలకు గులాబీ, పెద్ద పిల్లలకు నీలం మాత్ర ఇస్తారు. అందులో ఇనుముతోపాటు ఉండేది అదే. మిగతా పిల్లలకు అది మంచిదే. లుకీమియా మందు వాడే బిడ్డకు మాత్రం డాక్టరును అడగకుండా వద్దు. ఎక్కించిన రక్తంతో ఇనుము ఎలాగూ చేరి ఉంటుంది. టీచరుగారికి ముందే చీటీ ఇవ్వండి. మందుల షాపు టానిక్కులకూ ఇదే మాట. ఆసుపత్రిలో మెథోట్రెక్సేట్ పెద్ద డోసు ఎక్కించాక ఇచ్చే ల్యూకోవోరిన్ కూడా ఫోలిక్ యాసిడ్ రకమే. కానీ అది మంచి కణాల్ని కాపాడడానికి గంటల లెక్కన ఇచ్చేది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటి గంటసేపు ఉన్నా, ఒక్కసారే 101 తాకినా ఆగొద్దు. థర్మామీటరు చూడకుండా పారాసెటమాల్ వేయొద్దు, ఐబుప్రొఫెన్ అసలొద్దు, ఆర్‌ఎంపీ దగ్గర కండరానికి సూది వేయించొద్దు. పాడేరు, అరకు వైపు వాళ్లు ఘాట్ దిగి విశాఖ చేరేదాకా ఎదురుచూడకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఆఖరి కౌంట్ల కాగితం చూపించి, గంటలోపే యాంటీబయాటిక్ మొదటి డోసు నరానికి ఎక్కించమని అడిగి, ఆ తర్వాత బయల్దేరండి.