ఏటికి ఆ ఒడ్డున ఒకడు, ఈ ఒడ్డున ఒకడు

శనివారం. పొద్దున్నే చినుకులు. మెషీన్‌లో బట్టలు వేసి, రాత్రి మిగిలిన అన్నంలో నిమ్మకాయ పిండి పులిహోర చేసి డబ్బాలో పెట్టుకుని, నెలల తరబడి రేపూ మాపూ అంటున్న కాల్‌క్రీజెకి, పాత రోమన్ యుద్ధభూమి మీద కట్టిన మ్యూజియానికి, ఎలాగో బయల్దేరాను. జర్మనీలో, ఆ పక్కనే ఓస్నాబ్రూక్‌లో ఉంటూ అది చూడలేదంటే ఆఫీసులో వింతగా చూస్తున్నారు మరి.

దక్షిణాన చెట్లతో నిండిన గుట్ట, ఉత్తరాన ఒకప్పుడు బురద నేల, మధ్యలో సన్నటి దారి. క్రీ.శ. 9లో రోమన్ సేనాని వారస్ 17, 18, 19 నంబర్ల లెజియన్లు, అంటే రోమన్ సైన్యపు పెద్ద దళాలు, మూడూ వెంటేసుకుని వస్తుంటే జర్మనిక్ తెగలు అడవిలో కాపుకాసి తుడిచిపెట్టేశాయి. ఆ దాడి ఈ చోటే జరిగిందా, ఇది దానిలో ఒక ముక్కేనా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ నంబర్లు మాత్రం రోమ్ మళ్ళీ ఏ దళానికీ పెట్టలేదు. సైన్యం నడిచిన దారిని చూపించడానికి గడ్డిలో ఇనుప పలకలు పరిచారు, వాన పడితే జారుతున్నాయి, బూట్లు వేసుకెళ్ళాల్సింది.

లోపల ఎక్కువసేపు నిలబడింది ఇనుప ముఖం ముందు. గుర్రపు రౌతు వేసుకునే ముసుగు అది. కళ్ళకి చీలికలు, మూసిన నోరు. పైన ఒకప్పుడు వెండి రేకు ఉండేదట, గెలిచినవాళ్ళు అది ఒలుచుకుని ఇనుమును విసిరేశారు, అంచుల్లో ఇంకా కొంచెం వెండి కనిపిస్తోంది. పక్కనే ఒక కంచర గాడిద ఎముకలు, మెడ గంట. గంట మోగకుండా లోపల గడ్డి కుక్కారు. భయపడి చప్పుడు చెయ్యకుండా జారుకుందామనుకున్న మనిషి ఎవరో గానీ, మొత్తం మ్యూజియంలో నాకు బాగా దగ్గరగా అనిపించింది వాడే.

నాణేల్లో అప్పటి రోమ్ చక్రవర్తి అగస్టస్ మనవలు ఇద్దరూ డాళ్ళు పట్టుకుని నిలబడ్డ వెండి దెనారియస్ ఉంది. కెల్టుల గాల్ దేశాన్ని (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) సీజర్ జయించాక అక్కడ వెలిసిన లియాన్ టంకశాలలో కొట్టింది. దక్షిణ భారతంలో దొరికే అగస్టస్ నాణేల్లో ఈ రకమే ఎక్కువ, మన నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన నాణేల నిధిలోనూ అగస్టస్ దెనారియస్‌లు ఉన్నాయి. అక్కడ మిరియాలకీ బట్టలకీ ఖర్చు పెట్టిన డబ్బు, ఇక్కడ సిపాయి జీతం.

బస్సు గంటకొకటి. ఆ షెల్టర్ కింద పులిహోర తింటూ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసింది ఫోన్‌లో మళ్ళీ చదివాను. దీన్ని రోమన్లకీ జర్మన్లకీ యుద్ధమని చెప్పేస్తారు గానీ, నిజానికి సగం ఇంటి గొడవే. దాడి చేయించిన ఆర్మీనియస్ కెరూస్కి తెగ పెద్దింటివాడు, రోమన్ పౌరుడు, రోమ్ తరఫున సొంత తెగ దళాన్ని నడిపినవాడు. వేరేవాళ్ళకి మాటిచ్చిన అమ్మాయిని, థుస్నెల్డాని, లేవదీసుకుపోయాడు. ఆమె తండ్రి సెగెస్టెస్ ఆఖరి విందులో వారస్‌కి చెప్పాడు: నన్నూ, వాణ్ణీ, పెద్దలందరినీ కట్టేయించు, తప్పెవరిదో తర్వాత తేల్చుకోవచ్చు అని. వారస్ వినలేదు. ఆ తర్వాత క్రీ.శ. 15లో గర్భవతి అయిన కూతురు తండ్రి దగ్గర్నుంచే రోమన్ల చేతికి చిక్కింది. 17లో రోమ్ విజయోత్సవంలో ఆమెనూ పసివాణ్ణీ ఊరేగించారు, తండ్రి గౌరవ అతిథిగా కూర్చుని చూశాడు. ఆ మనిషిని నేను క్షమించలేను, అతని లెక్క అతనికి ఉండొచ్చు.

ఇంకా నాకు వదలనిది వేజర్ నది దగ్గరి ఘట్టం, క్రీ.శ. 16. ఆర్మీనియస్ తోడబుట్టినవాడు ఫ్లావస్ రోమన్ల కొలువులోనే ఉండిపోయాడు, యుద్ధంలో ఒక కన్ను పోయింది. ఏటికి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఆ కన్నుకి ఏమిచ్చారని ఆర్మీనియస్ అడుగుతాడు. జీతం పెంచారు, మెడ గొలుసిచ్చారు, కిరీటమిచ్చారని ఫ్లావస్ లెక్క చెబుతాడు. బానిసత్వానికి ఇంత చవక ధరా అని ఆర్మీనియస్ నవ్వుతాడు, అమ్మ కూడా నిన్ను బతిమాలుతోందంటాడు. మాటా మాటా పెరిగి, మధ్యలో నది ఉన్నా సరే, ఫ్లావస్ గుర్రం తెమ్మని ఆయుధాలు తెమ్మని అరుస్తుంటే రోమన్ అధికారి ఒకడు పరుగెత్తుకొచ్చి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఆర్మీనియస్ తిట్లలో లాటిన్ కూడా కలిపాడట, నేర్చుకున్నది రోమన్ శిబిరంలోనే కదా. ఇదంతా రాసింది రోమన్, దాదాపు వందేళ్ళ తర్వాత, కాబట్టి డైలాగులు ఎంతవరకు నమ్మాలో తెలీదు. కెరూస్కీలు ఒక్క అక్షరం రాసిపెట్టలేదు.

ఆర్మీనియస్‌ని చివరికి చంపింది సొంత బంధువులే. అంతఃకలహాల్లో పెద్దింటివాళ్ళు చాలామంది పోయాక, 47లో కెరూస్కీలు తమకో రాజుని పంపమని రోమ్‌నే అడిగారు. వచ్చింది ఫ్లావస్ కొడుకు, రోమ్‌లో పుట్టి పెరిగినవాడు, పేరు ఇటాలికస్.