రాష్ట్రం దాటితే చెల్లని లైసెన్సు

అమెరికాలో వైద్యుల లైసెన్సులు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి; రోగి ఏ రాష్ట్రంలో ఉంటే వైద్యం అక్కడే జరిగినట్టు లెక్క కాబట్టి, వీడియోలో తన పాత రోగిని చూసే డాక్టరుకు కూడా సాధారణంగా ఆ రాష్ట్రపు అనుమతి అవసరమవుతుంది. నర్సులకు ఈ విషయంలో మెరుగైన ఏర్పాటు ఉంది: 2000లో మొదలై 2018లో కొత్త రూపు దాల్చిన ఒప్పందం ప్రకారం, సొంత రాష్ట్రం ఇచ్చిన ఒక్క బహుళరాష్ట్ర లైసెన్సు సభ్యరాష్ట్రాలన్నింటిలోనూ చెల్లుతుంది. వైద్యుల కోసం 2017లో ఆచరణలోకి వచ్చిన ఒప్పందం అంత ఉదారమైనది కాదు. అది దరఖాస్తును వేగవంతం చేస్తుందే గాని, ప్రతి రాష్ట్రం నుంచీ విడి లైసెన్సు తీసుకోవలసిందే, విడిగా రుసుము (700 డాలర్ల దరఖాస్తు ఫీజు కాక!) కట్టవలసిందే. తప్పుచేసిన వైద్యుడిపై చర్య తీసుకునే అధికారం తమ దగ్గరే ఉండాలన్న రాష్ట్రాల వాదన న్యాయమైనదే అయినా, నర్సుల ఒప్పందంలో ఆ అధికారం ఎక్కడికీ పోలేదు.