కాండిడా ఆరిస్ పొరపై కొత్త సమ్మేళనాల పరీక్ష

కొత్త యాంటీఫంగల్ (శిలీంధ్రాలను అణచే) సమ్మేళనం గురించి ఏ పరిశోధన వ్యాసం చదివినా నేను ముందుగా వెతికేది ఒక్కటే: దానిని ద్రవంలో విడివిడిగా తేలే ఈస్ట్ కణాలపై మాత్రమే పరీక్షించారా, అప్పటికే గట్టిగా అల్లుకున్న బయోఫిల్మ్‌పై, అంటే కణాలు ఏదైనా ఉపరితలానికి అంటుకొని కట్టే పొరపై, కూడా ప్రయోగించారా? 2009లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక రోగి చెవి నుంచి వేరుచేసి వర్ణించిన కాండిడా ఆరిస్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఢిల్లీ మొదలుకొని అనేక దేశాల ఐసీయూలలో బయటపడిన ఈ ఈస్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వ్యాధికారక శిలీంధ్రాల ప్రాధాన్య జాబితాలోని అత్యంత కీలక వర్గంలో చేర్చింది. దీని నమూనాలలో ఎక్కువ భాగం ఫ్లూకొనజోల్ అనే యాంటీఫంగల్ మందుకు లొంగవు. కాథెటర్ మీద పొర కట్టిందంటే, తేలే కణాలను అణచగలిగిన మందులు సైతం చాలావరకు నిష్ఫలమవుతాయి.

పరీక్ష పైకి సులభంగానే కనిపిస్తుంది. మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల కణాలున్న ద్రవాన్ని 96 గుంటల ప్లేటులో పోసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఉంచితే అడుగున పొర ఏర్పడుతుంది. అంటుకోని కణాలను కడిగేసి, మందును సగానికి సగం పలచబరుస్తూ గుంటలలో వేసి, మరో రోజు గడిచాక ఎక్స్‌టీటీ అనే, రంగు మారే రసాయనం కలుపుతారు. బతికున్న కణాల జీవక్రియ దానిని నారింజ రంగులోకి మారుస్తుంది.

చిక్కంతా కడగడంలో ఉంది. పైపెట్ పట్టిన చేయి కాస్త దురుసుగా కదిలితే పొరే ఊడివస్తుంది, ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది. పైగా కొన్ని ఆరిస్ నమూనాల కణాలు ముద్దలుగా అతుక్కొని ఉంటాయి కనుక మొదట వేసిన కణాల లెక్కే నిలకడగా ఉండదు. రంగు తగ్గినంత మాత్రాన కణాలు చచ్చాయని చెప్పలేము, జీవక్రియ మందగించి ఉండవచ్చు. పొరను కొలవడానికి వాడే మరో రంగు, క్రిస్టల్ వయొలెట్ అయితే చచ్చిన కణాలకూ, వాటి చుట్టూ ఉండే జిగురు పదార్థానికీ కూడా అంటుకుంటుంది. అందువల్ల పొరను గీకి, అగార్ అనే పోషక జెల్లీపై పరచి, కాలనీలు లెక్కపెట్టిన ఫలితాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను. విసుగు పుట్టించే పనే, సందేహం లేదు.

ఆ తరువాత చూడవలసినది విషప్రభావం. శిలీంధ్ర కణానికీ మన కణానికీ పోలికలు ఎక్కువ. శిలీంధ్ర కణత్వచంలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వును పట్టుకొనే యాంఫోటెరిసిన్ బి అనే మందు మూత్రపిండాలను దెబ్బతీయడానికి, మన కణాలలోని కొలెస్టరాల్ ఆ ఎర్గోస్టెరాల్‌ను పోలి ఉండటం ఒక కారణం. కాబట్టి పొరను చెదరగొట్టిన మోతాదులోనే ఎర్రరక్తకణాలు కూడా పగిలిపోతున్నాయా అన్న ఫలితాన్ని, అనుబంధంలో దాచకుండా, అదే పట్టికలో పక్కనే చూపాలని నా అభిప్రాయం.