షాకులు కొనే ముందు బండిని కాటా ఎక్కించండి

ఆఫ్‌రోడ్ బండి కొన్నవాళ్లు టైర్ల తర్వాత మార్చాలనుకునేది సస్పెన్షన్. దాని గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎన్ని అంగుళాలు లేపవచ్చు?" నా లెక్కలో ఆ ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపును అదుపులో పెట్టేది షాక్ అబ్జార్బర్. మోయవలసిన బరువెంతో తెలియకుండా స్ప్రింగును ఎంచుకోలేము, స్ప్రింగు ఏదో తేలకుండా దానికి తగిన షాకును ఎంచుకోలేము. ఈ వరసను తలకిందులు చేసి ముందు ఎత్తు చూసుకుని కొన్న కిట్లు (స్ప్రింగులూ షాకులూ కలిపి అమ్మే సెట్లు), చూడటానికి బండి గంభీరంగా ఉన్నా, ఖాళీగా నడిపినప్పుడు నడుము విరగ్గొడతాయి.

నాది అయిదు తలుపుల మారుతి జిమ్నీ. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, అక్కడి నుంచి గుడిస కొండ మీదికి వెళ్లే రాళ్ల దారి, వానాకాలంలో మన్యంలోని మట్టి బాటలు నేను ఎక్కువగా తిరిగే చోట్లు. ఈ బండికి ముందూ వెనకా దృఢమైన యాక్సిళ్లే (రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉంటాయి. నాలుగు చక్రాల దగ్గరా కాయిల్ స్ప్రింగులే. ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, కంపెనీ అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది 340 కిలోల చిల్లర. డెబ్బయ్యేసి కిలోల పెద్దవాళ్లు నలుగురు కూర్చుంటే అందులో 280 అక్కడే ఖర్చయిపోతాయి.

అందుకే కిట్ల ధరలు చూడటం మొదలుపెట్టక ముందే, ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఎలా సర్దుతామో అలాగే సర్ది, ట్యాంకు నింపి, ఇద్దరం కూర్చుని బండిని లారీల వేబ్రిడ్జి ఎక్కించాము. ముందు చక్రాలను మాత్రమే పళ్లెం మీద ఉంచి ఒకసారి, మొత్తం బండిని ఎక్కించి ఒకసారి తూయిస్తే, రెంటికీ ఉన్న తేడా వెనక యాక్సిల్ బరువు అవుతుంది. లారీల కాటా గనక అది అయిదు, పది కిలోల మెట్లలోనే చూపుతుంది. మన పనికి ఆ మాత్రం చాలు. మొత్తం 1,440 కిలోలు వచ్చింది. పెరిగిన బరువులో ఎక్కువ భాగం వెనక యాక్సిల్ మీదే పడింది, ఎందుకంటే నీళ్ల డబ్బా, పనిముట్లు, గాలి కంప్రెసర్, తాళ్లు అన్నీ వెనక సీటు వెనకాలే ఉంటాయి.

ఆ చీటీ చేతిలోకి వచ్చాక ఇనుప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఆలోచన మానుకున్నాను. రెండూ కలిపితే ఎనభై కిలోలకు తక్కువ కాదు. అదంతా ముందు యాక్సిల్‌కు కూడా ముందు వేలాడుతుంది. ఉన్న 1,440కి అది కలిస్తే 1,520. ఇంకొక మనిషి ఎక్కడానికి కూడా చోటుండదు. గట్టి స్ప్రింగులు వేస్తే ఎక్కువ బరువు మోయవచ్చునని షాపుల్లో చెప్పే మాటను ఇక్కడ జాగ్రత్తగా వినాలి. స్ప్రింగు మారినంత మాత్రాన బ్రేకులూ, యాక్సిలూ, బేరింగులూ, ఛాసిస్సూ, టైర్ల సామర్థ్యమూ మారవు కాబట్టి, అనుమతించిన మొత్తం బరువు అంతే ఉంటుంది. గట్టి స్ప్రింగు చేసేదల్లా, ఉన్న బరువు కింద బండి కుంగకుండా చూడటమే.

ఇక స్ప్రింగు విషయం. దాని గట్టిదనాన్ని, ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బలం కావాలో లేదా ఎన్ని న్యూటన్లు కావాలో అన్న లెక్కలో చెబుతారు. ఇది కడ్డీ మందం మీద ఎంతగా ఆధారపడుతుందో చాలామందికి తెలియదు: మందం నాలుగో ఘాతంతో గట్టిదనం పెరుగుతుంది. మిగతా కొలతలన్నీ అలాగే ఉంచి 12 మిల్లీమీటర్ల కడ్డీని 13 మిల్లీమీటర్లు చేస్తే గట్టిదనం దాదాపు 38 శాతం పెరుగుతుంది. కంటికి ఆనని ఒక్క మిల్లీమీటరు తేడాతో ఒక కిట్టు మెత్తగా, మరొకటి కట్టెలాగా ఉండటానికి కారణం ఇదే. చుట్ల సంఖ్య తగ్గినా, చుట్టు వ్యాసం తగ్గినా కూడా స్ప్రింగు గట్టిపడుతుంది. ఒక చివర చుట్లు దగ్గరగా ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగుల్లో జరిగేది ఇదే: బరువు పడే కొద్దీ దగ్గరగా ఉన్న చుట్లు ఒకదాన్నొకటి తాకి పనిలోంచి తప్పుకుంటాయి, మిగిలిన చుట్లు తక్కువ కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది. ఒక రోజు ఒంటరిగా, మరో రోజు కుటుంబంతో నడిపే బండికి ఈ రకం నాకు నచ్చుతుంది.

గట్టిదనం ఎంతవరకు ఓర్చుకోదగినదో చూడటానికి సులువైన కొలమానం ఒకటి ఉంది. బండి బరువుకు స్ప్రింగు చక్రం దగ్గర కుంగే దూరాన్ని బట్టి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తేలుతుంది. 25 సెంటీమీటర్లు కుంగితే సెకనుకు ఒక ఊపు. 11 సెంటీమీటర్లే కుంగితే ఒకటిన్నర. మనిషి ఒంటికి హాయిగా తోచేది ఈ రెంటి మధ్యనే. ఖాళీ బండికి బరువైన స్ప్రింగు వేసినప్పుడు ఈ సంఖ్య ఒకటిన్నరను దాటి పైకి పోతుంది. అప్పుడు ప్రతి గులకరాయీ వెన్నెముకకు తెలుస్తుంది, రాళ్ల మీద చక్రం కిందికి సాగక గాలిలోనే తేలుతుంది. మెత్తని స్ప్రింగు వల్ల చక్రం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పట్టు దొరికేది అక్కడే.

ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్, డాబిన్సన్స్ వంటి ఆస్ట్రేలియా కంపెనీలు తమ స్ప్రింగులను ఎప్పుడూ బండిలో ఉండే అదనపు బరువును బట్టి రకాలుగా విడదీసి అమ్ముతాయి. అది "ఎప్పుడూ ఉండే" బరువన్నది ముఖ్యం; సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఎక్కించే బస్తాలు ఇందులోకి రావు. ఇంకొక మెలిక కూడా ఉంది. జిమ్నీ కిట్లలో చాలా భాగం మూడు తలుపుల బండి కోసం తయారైనవి. దాని చక్రాల మధ్య దూరం 2,250 మిల్లీమీటర్లయితే మనదానికి 2,590. బరువు కూడా మనదే ఎక్కువ. కిట్టు ఏ బండికో అమ్మేవాళ్లను నొక్కి అడగకపోతే వెనక భాగం అనుకున్నంత ఎత్తుకు రాదు. నేను ముందు భాగానికి అదనపు బరువు లేని రకాన్నీ, వెనక భాగానికి సుమారు 50 కిలోల అదనపు బరువుకు ఉద్దేశించిన రకాన్నీ తీసుకున్నాను. నాలుగూ ఒకే రకంగా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

ఎత్తు 40 మిల్లీమీటర్ల దగ్గర ఆపాను. స్ప్రింగులతో బాడీని ఎంత లేపినా యాక్సిల్ మధ్యలో పళ్లచక్రాలుండే డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, ఎందుకంటే అది యాక్సిల్‌తో పాటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే అది 703 దాటుతుంది, అంటే కింద అయిదు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. బాడీని లేపడం వల్ల ఒరిగేది ముందూ వెనకా మధ్యా తగలకుండా దాటే కోణాలు మెరుగుపడటం, పెద్ద టైరు ఒరుసుకోకుండా ఉండటం. పొడవైన అయిదు తలుపుల బండికి గట్టు దాటేటప్పుడు పొట్ట తగలడం పెద్ద సమస్య గనక ఆ 40 మిల్లీమీటర్లు వృథా కావు. అంతకు మించి లేపితే బదులు చెల్లించవలసినవి మొదలవుతాయి. ముందు యాక్సిల్‌ను పట్టి ఉంచే ఆర్ముల కోణం మారి క్యాస్టర్ (స్టీరింగు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. దానితో హైవే మీద స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం మందగించి బండి అటూ ఇటూ తిరుగుతున్నట్టుంటుంది. అడ్డంగా ఉండి యాక్సిల్‌ను ఛాసిస్సుకు కలిపే పానార్డ్ రాడ్డు వల్ల యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. వీటిని సరిదిద్దడానికి క్యాస్టర్ బుష్షులు (ఆర్ముల చివర ఉండే రబ్బరు కీళ్లు), పొడవు సర్దుకోగల పానార్డ్ రాడ్లు, పొడవైన బ్రేకు గొట్టాలు కొనాలి. రెండంగుళాల కిట్టు ధర చెప్పే మనిషి వీటి ధర చెప్పడు.

షాకుల దగ్గర నేను ఎక్కువ సమయం తీసుకున్నాను. స్ప్రింగు గట్టిదనం 40 శాతం పెరిగితే, అదే తీరుగా ఊపును అణచాలంటే షాకు బలం దాదాపు 18 శాతం పెరగాలి. పాత షాకులనే ఉంచి గట్టి స్ప్రింగులు వేస్తే, గుంత దాటాక స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని అవి ఆపలేవు. వెనక భాగం గుర్రంలా ఎగురుతుంది. దీనికి తిరుగుడు కూడా నిజమే. స్ప్రింగుకు మించిన బలం తెరుచుకునే దిశలో ఉన్న షాకు, వరసగా వచ్చే గతుకుల మీద చక్రాన్ని పూర్తిగా కిందికి దిగనివ్వదు. ఒక్కొక్క గతుకుకూ బండి కొంత కొంత కుంగిపోయి చివరికి చక్రం పై కదలికను ఆపే రబ్బరు స్టాపరు మీద కూర్చుంటుంది. అందుకే స్ప్రింగులూ షాకులూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిచూసి అమ్మేవి తీసుకోవడమే సామాన్యుడికి మేలు.

ట్విన్ ట్యూబా (ఒకదానిలో ఒకటిగా రెండు గొట్టాలున్న షాకు), మోనో ట్యూబా (ఒకే గొట్టం ఉన్నది) అన్నది తర్వాతి ప్రశ్న. షాకు ఊపును వేడిగా మారుస్తుంది. ఆ వేడికి నూనె పలచబడితే పట్టు తగ్గుతుంది, గాలి కలిసి నురగ వస్తే మరీ తగ్గుతుంది. మోనో ట్యూబులో నూనె ఉన్న గొట్టమే బయటి గాలికి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. ఎక్కువ ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌ను విడి పిస్టన్ నూనె నుంచి వేరుచేస్తుంది గనక నురగ రాదు. ఆ ఒత్తిడి బండిని కొంత పైకి కూడా నెడుతుంది: 14 మిల్లీమీటర్ల రాడ్డు, 20 బార్ల ఒత్తిడి ఉన్న షాకు ఒక్కొక్కటీ దాదాపు 30 కిలోల బలంతో తోస్తుంది. స్ప్రింగులు మార్చకుండా షాకులు మాత్రమే మార్చినా బండి కాస్త లేచిందని కొందరు చెప్పేది అబద్ధం కాదు. అయితే ఆ ఒంటి గొట్టానికి రాయి తగిలి సొట్ట పడిందంటే లోపల పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబులో బయటి గొట్టం సొట్టపడినా లోపలి గొట్టం క్షేమంగా ఉన్నంత కాలం పని జరుగుతుంది.

థార్ ఎడారిలోనో, లద్దాఖ్‌లో గంటల తరబడి గతుకుల కంకర రోడ్ల మీదో వేగంగా పోయేవాళ్లకు వేడి అసలు శత్రువు. వాళ్లు మోనో ట్యూబుకూ, విడిగా నూనె డబ్బా ఉన్న వాటికీ డబ్బు పెట్టడంలో అర్థముంది. మన్యం దారుల్లో బండి నడిచేది గంటకు పది, పదిహేను కిలోమీటర్ల వేగంతో. అక్కడ షాకు కాగదు, రాళ్ల దెబ్బ తింటుంది. ఆ లెక్కన నేను పిస్టన్ వ్యాసం పెద్దదిగా ఉన్న, గ్యాసు నింపిన ట్విన్ ట్యూబులనే ఎంచుకున్నాను. మోనో ట్యూబులు తీసుకోలేదేమని అడిగిన మిత్రులకు ఇప్పటికీ ఇదే జవాబు చెబుతున్నాను, వాళ్లు ఒప్పుకోరు.

షాకు పొడవు కూడా కొలవాలి, పూర్తిగా మూసినప్పుడూ పూర్తిగా సాగినప్పుడూ. చక్రం పైకి వచ్చినప్పుడు రబ్బరు స్టాపరు తగిలాకనే ఆగాలి తప్ప, అంతకు ముందే షాకు అడుగంటకూడదు. అడుగంటితే వాల్వులూ మౌంటులూ పాడవుతాయి. మరీ పొడవైన షాకు వేస్తే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన గూటిలోంచి వదులై జారిపోవచ్చు.

చట్టం మాట ఒకటి చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఎత్తు ఎక్కువయ్యే కొద్దీ పోలీసుల దగ్గరా, బీమా దగ్గరా, వారంటీ దగ్గరా చిక్కులు పెరుగుతాయి.

జిప్సీ ఉన్నవాళ్లకు ఈ లెక్కలన్నీ కొంచెం మారతాయి, దానికి నాలుగు వైపులా కమాన్ పట్టీలే. పట్టీల మధ్య ఒరిపిడే కొంత ఊపును అణచేస్తుంది కాబట్టి, మరీ గట్టి షాకు వేస్తే బండి బిగుసుకుపోతుంది.

బిగింపులో ఒక చిన్న పని చాలా షెడ్లలో తప్పుగా జరుగుతుంది. బండి లిఫ్టు మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా ఆర్ముల బోల్టులను పూర్తిగా బిగించేస్తారు. ఆ ఆర్ముల బుష్షుల్లో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే అది మెలితిరిగి, ఎప్పటికీ ఆ మెలికలోనే ఉండి, కొద్ది నెలల్లో చీలిపోతుంది. బోల్టులను వదులుగా పెట్టి, బండిని దించి, నాలుగు మూలలా రెండు మూడుసార్లు నొక్కి వదిలి, బరువు చక్రాల మీద ఉండగానే బిగించాలి. మా మెకానిక్ దానికి కింద దూరి పడుకోవలసి వచ్చి కాసేపు గొణిగాడు. తర్వాత చక్రాలను వేలాడదీసి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ తీగలూ లాగబడటం లేదని టార్చి వేసి చూశాము.

చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న ఎత్తును నాలుగు వైపులా రాసి పెట్టుకోండి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత కొన్ని మిల్లీమీటర్లు కూర్చుంటాయి, అప్పుడు మళ్లీ కొలవాలి, అలైన్‌మెంటు కూడా అప్పుడే చేయించాలి. కఠినమైన దారి దిగాక నాలుగు షాకులనూ చేతి వెనక భాగంతో తాకి చూడటం నాకు అలవాటు: మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉందంటే ఆ ఒక్కటి పని చేయడం మానేసిందని అర్థం, నూనె కారిన చారకు దుమ్ము అంటుకుని ఉంటే ఇక అనుమానమే లేదు. హెడ్‌లైట్ల కోణాన్ని కూడా అదే రోజు కిందికి దించండి. లేపిన బండి వెలుగు ఎదుటివాడి కళ్లలోనే పడుతుంది, మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో అది ప్రమాదం.