ఆకుపచ్చ అట్ట కోసం

మా అమ్మ వారపత్రికలో వచ్చే ధారావాహికను వారం వారం జాగ్రత్తగా ఊడదీసి దాచి, నవల పూర్తయ్యాక బైండింగు చేయించేది. బైండరు అంచులు సమంగా కోసి, ముఖచిత్రాలూ ప్రకటనలూ ఏరి పారేసి, గట్టి అట్ట వేసి ఇచ్చేవాడు. ఆ పుస్తకాలు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. కథ అంతా ఉంది. ఏ వారం ఏ బొమ్మ అట్ట మీదికి వచ్చిందో, పక్క పేజీలో ఏ తలనొప్పి మాత్రను పొగిడారో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

లండన్ బైండర్లు 150 ఏళ్ల కిందట ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ నవలలకు సరిగ్గా ఇదే పని చేశారు. వాళ్లు చెత్తబుట్టలో వేసిన ఆకుపచ్చ కాగితపు అట్ట ఒకటి కళ్లారా చూడాలనీ, వీలైతే కొనాలనీ కిందటి వేసవిలో ఇంగ్లండు వెళ్లాను. కొడుకును చూడటానికి వెళ్లానని బంధువులు అనుకున్నారు. అదీ అబద్ధం కాదు.

డికెన్స్ నవలలు చాలా వరకు ముందు విడి సంచికలుగా వచ్చాయి. నెలకొకటి, వెల ఒక షిల్లింగు. 'పిక్‌విక్' 1836లో వెయ్యి ప్రతులతో మొదలై, ముగిసేనాటికి 40,000 దాకా పాకింది. అందుకే ఆ నవల తొలి సంచికలు అసలు రూపంలో దొరకడం గగనం. నా బోటి వాళ్లు వాటిని అద్దాల వెనక చూసి దండం పెట్టుకోవడమే. నేను ఆశ పెట్టుకున్నది ఆయన చివరి నవల 'ఎడ్విన్ డ్రూడ్' మీద. దాని మొదటి సంచికే 50,000 అమ్ముడుపోయింది కాబట్టి పెన్షనుదారులకు కూడా కాస్త ఆశ ఉంటుంది.

ఆశకు ఇంకో కారణం కూడా ఉంది. ఈ నవల 12 సంచికలుగా రావాలి. 1870 ఏప్రిల్‌లో మొదటిది వచ్చింది. జూన్ 9న డికెన్స్ పోయాడు. అప్పటికి బయటికి వచ్చినవి మూడు. రాసిపెట్టి ఉన్న భాగంతో సెప్టెంబరు దాకా ఇంకో మూడు వేశారు, అంతే. ఎడ్విన్ అనే యువకుడు మాయమయ్యాడు. మేనమామ జాస్పర్ మీద చదివేవాడికి అనుమానం. చంపాడా, చంపబోయి తప్పిపోయాడా, కుర్రవాడు బతికే ఉన్నాడా? చెప్పేవాడు లేడు. ఆయనకు ముందే ఏదో తోచిందేమో, తాను మధ్యలో పోతే లెక్క ఎలా తేల్చాలన్న షరతు ప్రచురణకర్తల ఒప్పందంలో మొదటిసారి చేరింది ఈ నవలకే.

ఆ ఆకుపచ్చ అట్ట సంగతి ఇక్కడే వస్తుంది. దాని బొమ్మ గీసినవాడు డికెన్స్ అల్లుడు చార్లెస్ కాలిన్స్. కథ ఇంకా సగం కూడా రాయకముందే, మామగారు చెప్పిన మాటల మీద గీశాడు. పైన చర్చి, ఒక పక్క 'తప్పిపోయాడు' అన్న ప్రకటన చూస్తున్న స్త్రీ, ఇంకో పక్క మెట్లెక్కి పరుగెత్తే మగవాళ్లు, కింది మూలల్లో నల్లమందు పీల్చేవాళ్లు. అడుగున నట్టనడుమ చీకటిగదిలోకి లాంతరుతో అడుగుపెడుతున్న ఒక మనిషి, అతని ఎదుట కదలకుండా నిలబడ్డ ఇంకో మనిషి. ఆ రెండోవాడు ఎవరు? రాయని ఆరు సంచికలకు మిగిలిన జాడల్లో ఈ బొమ్మ ఒకటి. బైండర్లు పారేసింది దీన్నే!

ఇంగ్లీషు లెక్చరరుగా 31 ఏళ్లు పనిచేసి ఒక్క పాత సంచికైనా సంపాదించలేదన్న దిగులుతో, రెండేళ్ల కిందట ఇంట్లోంచే ఒకటి తెప్పించి మోసపోయాను. 'అసలు అట్టలతో' అని రాసి పంపారు. వచ్చినదాని అంచులు నున్నగా కోసి ఉన్నాయి, వాటికి బంగారు పూత కూడా! ఏదో బైండు పుస్తకం చీల్చి, కొత్తగా అచ్చువేసిన అట్ట తొడిగారన్నమాట. విడి సంచికను దారంతో పక్క నుంచి గుచ్చి కుడతారు. లోపలి అంచున ఆ సూది రంధ్రాలు ఉండాలి. అంచులు గరుకుగా ఉండాలి. ఇవన్నీ డబ్బు పోయాక నేర్చుకున్న చదువు. అమ్మినవాళ్లకు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

కొడుకు కాపురం రెడింగ్‌లో. అతనికి సెలవు దొరకలేదు. "నేను వస్తాను అత్తయ్యా, నాకూ లండన్‌లో తిరిగినట్టు ఉంటుంది" అని కోడలు బయలుదేరింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. ఆ సంగతి తర్వాత పనికొచ్చింది.

ముందు డౌటీ స్ట్రీట్. 48వ నంబరు ఇంట్లో డికెన్స్ 1837 నుంచి 1839 దాకా ఉన్నాడు. 1925 నుంచి అది మ్యూజియం. ఇరుకు మెట్లు, అంతస్తుకు రెండేసి గదులు. అన్ని గదులూ చూశాను గానీ రాయడానికి మిగిలింది ఒక్కటే: ఆయన చివరి రోజుల్లో ఉన్న గాడ్స్ హిల్ ఇంటి నుంచి వచ్చిన రాత బల్ల, కుర్చీ. 'డ్రూడ్'కు బొమ్మలు వేసిన ల్యూక్ ఫిల్డ్స్, డికెన్స్ పోయిన తర్వాత ఆ ఖాళీ కుర్చీనే గీశాడు. ఆ బొమ్మను పుస్తకాల్లో నూరుసార్లు చూసి ఉంటాను. ఎదురుగా చూస్తే చాలా మామూలు కుర్చీ. దాన్ని చూస్తూ నేను నిలబడిపోతే, కోడలు అటు తిరిగి ఫోను చూసుకుంది. మర్యాద తెలిసిన పిల్ల.

సెసిల్ కోర్ట్ అనేది చారింగ్ క్రాస్ రోడ్డుకూ సెయింట్ మార్టిన్స్ లేన్‌కూ మధ్య ఉన్న సందు. ఎనిమిదేళ్ల మొజార్ట్ 1764లో తల్లిదండ్రులతో కొన్నాళ్లు ఇక్కడే అద్దెకున్నాడు. ఇప్పుడు రెండు వైపులా పాత పుస్తకాల దుకాణాలు. కోఠీ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల ముందు గొంతుకూర్చుని వెతికే అలవాటున్న నాకు, గంట మోగే తలుపు తోసుకుని లోపలికి వెళ్లడమే కొత్త. మూడు దుకాణాల్లో డికెన్స్ బైండు పుస్తకాలు ఉన్నాయి గానీ విడి సంచికలు లేవు. నాలుగో దుకాణంలో పెద్దాయన ఒక మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా అలమర తాళం తీసి, గుడ్డ అట్టల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు. అందులో ఆరు సంచికలూ ఉన్నాయి.

చేతొడుగులు కావాలా అని అడిగాను. వద్దన్నాడు, చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటే చాలట. తొడుగుతో పట్టుకుంటే కాగితం అంచు వేళ్లకు తెలియక చిరుగుతుందని చెప్పాడు. చూపించినవాడు కూడా నా చేతులను బట్టి నన్ను అంచనా వేస్తున్నాడని నాకు అర్థమైంది.

ఆకుపచ్చ అనుకున్నది ఎండిన గోరింటాకు రంగులోకి దిగింది. ఆరో సంచిక మీద ధర దగ్గర చిన్న చీటీ అంటించి ఉంది: షిల్లింగు కాదు, పద్దెనిమిది పెన్నీలు. రచయిత పోయాక చివరి సంచికలో ఆయన బొమ్మా, పుస్తకం ముందుపేజీలూ కలిపి ధర పెంచారు. రెండో సంచిక తీసి, వెనక వైపు పేజీలు నెమ్మదిగా తిప్పి, అక్కడ ఆగాడాయన. బెండు, అదే కార్కు! బెండును ఉల్లిపొర అంత పల్చగా కోసి, దాని మీదే అచ్చువేసిన బెండు టోపీల ప్రకటన. తాకితే పొడి రాలేలా ఉంది. ఇది ఎక్కువ ప్రతుల్లో విరిగి రాలిపోయి ఉంటుంది కాబట్టి, ఉన్న ప్రతికి గిరాకీ ఎక్కువ. ప్రపంచంలో గొప్ప నవలాకారుడి ఆఖరి వాక్యాల కన్నా టోపీల వ్యాపారి కరపత్రానికి ఎక్కువ వెల కట్టే లోకం ఇది. నవ్వొచ్చింది గానీ, చూపు మాత్రం ఆ బెండు మీద నుంచి తిప్పుకోలేకపోయాను.

ఏ సంచికలో ఏ ప్రకటన ఏ చోట ఉండాలో 1933లో హాటన్, క్లీవర్ అనే ఇద్దరు జాబితా కట్టి పెద్ద పుస్తకంగా వేశారు. ఈ వ్యాపారంలో వాళ్లకు అదే పంచాంగం. పెద్దాయన దాన్ని తెరిచి మా ముందు పెట్టాడు. అప్పటి దాకా గోడకు ఆనుకుని నిలబడ్డ కోడలి కళ్లు వెలిగాయి. "అత్తయ్యా, రోజూ నేను ఆఫీసులో చేసేది ఇదే కదా! ఉండాల్సింది ఉందా, లేదా, ఉండకూడనిది చేరిందా" అంటూ జాబితాతో పేజీ పేజీ సరిచూసింది. నాలుగో సంచికలో ఒక ప్రకటన కాగితం లేదని తేల్చింది. పెద్దాయన కళ్లజోడు పైకి తోసి చూసి, అవునని తలూపి, పెన్సిలుతో రాసుకున్నాడు.

ఆరింటి ధర వింటే మావారి రెండు నెలల పెన్షను. పెట్టె మూసేశాను. విడిగా ఏమైనా ఉన్నాయా అంటే, ఒక పళ్లెంలోంచి మూడో సంచిక, ఐదో సంచిక తీశాడు. మూడోదానికి వెనక అట్ట లేదు, వెన్ను పగిలింది. 45 పౌండ్లు. బేరం ఆడటం ఇక్కడ తప్పేమోనని జంకుతూనే, "ఇదేనా ఆఖరి మాట?" అన్నాను. ఐదు తగ్గించాడు. "వెనక అట్ట లేని కాగితాలకు 40 పౌండ్లా!" అని కోడలు తెలుగులో గొణిగింది. మామగారికి చెప్పవద్దని ఆమెతో అక్కడే మాట తీసుకున్నాను.

మూడోదే కావాలనుకోవడానికి కారణం ఉంది. అది 1870 జూన్ సంచిక. డికెన్స్ కన్నుమూసిన రోజుల్లో లండన్ దుకాణాల్లో అమ్ముతున్నది అదే. అందులోని చివరి అధ్యాయంలో జాస్పర్ ఒక రాత్రి, డర్డల్స్ అనే తాగుబోతు రాతిపనివాణ్ని వెంటబెట్టుకుని చర్చి నేలమాళిగలోకి దిగుతాడు. వాడు తాగి పడిపోయి నిద్రపోతాడు. లేచేసరికి తాళంచెవి కింద పడి ఉంటుంది. అంతే చెప్పి ఊరుకుంటాడు రచయిత. పాఠం చెప్పిన రోజుల్లో ఆ పేజీ దగ్గర క్లాసు నిశ్శబ్దమైపోయేది.

రెండు రోజుల తర్వాత ఆ చర్చి ఉన్న ఊరికి బయలుదేరాం. నవలలో క్లాయిస్టర్‌హామ్, నిజంలో రోచెస్టర్. సెయింట్ పాంక్రస్ నుంచి ముప్పావు గంట లోపే చేరుస్తుంది రైలు. సంచికను ప్లాస్టిక్ కవరులో పెట్టి, దాన్ని కోడలి టిఫిను డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. పెరుగన్నం వాసన పోయేలా ముందురోజు మూడుసార్లు కడిగాను. దిగేసరికి వాన. మేం ఉన్నంతసేపూ అది ఆగలేదు.

హై స్ట్రీట్ ఒక్కటే ఊరికి వెన్నెముక. నవలలో బాలికల బడిగా వచ్చే ఈస్ట్‌గేట్ హౌస్ ఎర్ర ఇటుకలతో, 16వ శతాబ్దం చివర కట్టినది. దాని ఎదుటి కొయ్య గోడల ఇళ్లలో ఒకటి ప్రగల్భాల సాప్సీది. చర్చి దగ్గరి గేటు మీద ఉన్న ఇల్లు జాస్పర్‌ది. లేని మనుషులకు ఇన్ని ఇళ్లున్నాయి. ఈస్ట్‌గేట్ హౌస్ వెనక తోటలో స్విస్ కొయ్య ఇల్లు నిలబడి ఉంది. నటుడు ఫెక్టర్ దాన్ని 94 ముక్కలుగా 58 పెట్టెల్లో డికెన్స్‌కు బహుమతిగా పంపాడు. అప్పుడది గాడ్స్ హిల్‌లో, రోడ్డుకు అవతలి తోటలో ఉండేది. 1870 జూన్ 8న రోజంతా అందులో కూర్చుని 'డ్రూడ్' రాశాడు. ఆ సాయంత్రం భోజనం దగ్గర కూలిపోయాడు. రాసిన చివరి పేజీల్లో ఈ పాత ఊరి మీద తెల్లవారి ఎండ పడుతుంది. మేం చూసింది వాన కారుతున్న చెక్కలను.

చర్చి నేలమాళిగ మాత్రం పొడిగా ఉంది. తక్కువ ఎత్తు తోరణాలు, లావు స్తంభాలు, దీపాలు పెట్టి శుభ్రంగా సర్దిన చోటు. డర్డల్స్ గుర్తుపట్టడు. ఒక బల్ల మీద కూర్చుని డబ్బా మూత తీశాను. ఆ అధ్యాయం కోడలికి మెల్లగా చదివి వినిపిద్దామని మొదలుపెట్టి రెండు పేజీలు కూడా చదవలేదు, "ఆ నిద్ర మామూలు నిద్ర కాదు అత్తయ్యా, సీసాలో ఏదో కలిపాడు" అంది. మా విద్యార్థులకు ఇది చెప్పడానికి నాకు ఒక పీరియడు పట్టేది.

ఈ నవల మీద వాదించుకున్నది మేమే మొదటివాళ్లం కాదు. 1914 జనవరిలో లండన్‌లో జాన్ జాస్పర్ మీద ఉత్తుత్తి విచారణ జరిపారు. జడ్జి రచయిత చెస్టర్టన్, జ్యూరీ పెద్ద నాటకకర్త బెర్నార్డ్ షా. హత్య కాదు, చంపే ఉద్దేశం లేని నరహత్య మాత్రమే అని షా తీర్పు చదివితే, కోర్టు ధిక్కారం కింద తనను తప్ప అందరినీ శిక్షిస్తున్నానని చెస్టర్టన్ లేచిపోయాడట. ఆ కథ చెప్పేసరికి కోడలు అట్ట మీది లాంతరు మనిషి దగ్గరికి వేలు పోనిచ్చి, తాకకుండా ఆపింది.

"ఎదురుగా నిలబడ్డవాడు ఎడ్విన్. బతికే ఉన్నాడు."

"కాదమ్మా. మెడకు రెండు చుట్లు తిరిగేలా జాస్పర్‌కు రుమాలు గీయమని డికెన్స్ చెప్పినట్టు ఫిల్డ్స్ రాశాడు. పీక నులమడానికి కాకపోతే అంత పొడుగు దేనికి?"

"గీయమన్నాడు, సరే. చచ్చిపోయాడని రాశాడా?"

స్టేషనుకు నడిచే దారంతా ఇదే. ఐదో సంచిక కూడా తీసుకుని ఉండాల్సిందని తను, ఇంటికి రాగానే మీ మామగారు లెక్క అడుగుతారని నేను. రైలు మెడ్వే నది దాటుతుంటే అట్ట ఇంకోసారి చూపించమని అడిగింది. కిటికీ సందులోంచి జల్లు పడుతోంది. డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ఇల్లు చేరాక చూద్దువులే అన్నాను.