వేడి నేలలో ముల్లంగి: ఆకులే వచ్చి దుంప రాని గోల నాకెలా తీరిందంటే

ఎట్టకేలకు ముల్లంగి పండిందండీ! ఇవాళ పొద్దున పీకిన దుంప జానెడు పైనే ఉంది, తెల్లగా, నున్నగా, ఎక్కడా పగులు లేదు, అడ్డంగా కోస్తే లోపల బెండు, అంటే దూదిలా గుల్లబారడం, కూడా లేదు. ఈ సంతోషం వేడిగా ఉండగానే రాసేస్తున్నా, ఎందుకంటే మంచు అనేదే పడని, ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే చోట ముల్లంగి వేసేవాళ్ళకి తిన్నగా సమాధానం చెప్పే మనిషి నాకైతే ఒక్కరూ దొరకలేదు.

మొలకెత్తడం అసలు సమస్యే కాదు. అర అంగుళం లోతులో విత్తనం వేసి తడి ఆరకుండా చూస్తే ఆ వేడికి మూడు నాలుగు రోజుల్లోనే పైకొచ్చేస్తుంది. మట్టి కూడా అంతే, రాళ్ళు గడ్డలు ఏరేసి గుల్లగా ఉంచితే చాలు. ఎరువు మాత్రం బాగా చివికినదే వెయ్యండి, పచ్చి పేడ వేస్తే దుంప రెండు మూడు పాయలుగా చీలిపోతుంది.

గొడవంతా ఆ తర్వాత మొదలైంది.

నేను వేసింది చెర్రీ బెల్, ఎర్రగా గుండ్రంగా గోలీలా వచ్చే రకం. 1949లో అమెరికాలో కొత్త విత్తన రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ అవార్డు కూడా వచ్చిన పేరున్న రకమే. ప్యాకెట్ మీద పాతిక రోజుల్లో కోతకి వస్తుందని, రోజంతా ఎండ పడే చోట పెట్టమని ఉంది. అలాగే పెట్టా. ఆకులు చూస్తే కళ్ళు చెదిరేంత పచ్చగా, గుబురుగా వచ్చాయి. చెప్పిన గడువు దాటాక ఒకటి పీకి చూస్తే కింద పెన్సిల్ కన్నా సన్నగా ఎర్రటి వేరు, అంతే. ఇంకొన్నాళ్ళు ఆగితే ఊరుతుందేమో అని ఆగితే మధ్యలోంచి పూత కాడ లేచింది. పూత కాడ లేచాక ఇంక దుంప మీద ఆశ వదులుకోవాల్సిందే, మొక్క దాచుకున్న బలమంతా పైకే పోతుంది.

సరే, తెలిసినవాళ్ళని అడుగుదాం అని మొక్కల పెంపకం నేర్పే ఒక క్లాసుకి ఆ మొక్కని వేళ్ళతో సహా పట్టుకెళ్ళా. అక్కడి నిపుణుడు దాన్ని ఆకులు పట్టుకుని అందరికీ కనపడేలా పైకెత్తి, "చూడండి, ఇదీ యూరియా కుమ్మరించినవాళ్ళ పని" అన్నాడు. యూరియా వేశారా అని నన్ను ఒక్క మాట అడగలేదు. నేను వెయ్యలేదండీ, చివికిన ఎరువు తప్ప ఏమీ వెయ్యలేదు అంటే వినిపించుకోకుండా, "అమ్మా, ముల్లంగి చిన్నపిల్లలకి కూడా వస్తుంది, అది కూడా రాకపోతే మీరు మనీప్లాంట్ పెట్టుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. క్లాసయ్యాక మళ్ళీ వెళ్ళి పోనీ ఏం చెయ్యమంటారు సార్ అంటే ఎముకల పొడి వెయ్యండి, నీడలో పెట్టండి అని రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయాడు.

రెండూ చేశా. ఎముకల పొడితో ఏ తేడా రాలేదు. పూర్తి నీడలో పెడితే ఇంకా దారుణం, కాడలు పొడుగ్గా సాగి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. మళ్ళీ ఆయన్నే అడిగితే ఈసారి మీ మట్టే పనికిరాదు అన్నాడు! ఒకసారి యూరియా, ఒకసారి మట్టి. పాఠం చెప్పే స్థానంలో కూర్చున్న మనిషి తెలీకపోతే తెలీదు అనాలి గానీ ఎదుటి మనిషి చేతిని తప్పు పట్టడం ఏం న్యాయం? ఇలాంటివాళ్ళ వల్లే చాలామంది ఒక్కసారి వేసి ఇంక ఆ జోలికే పోరు.

నిజానికి నాకు సమాధానం చెప్పింది గోడ పక్కనున్న ఒక తొట్టి. అదే విత్తనం, అదే మట్టి, అదే నీళ్ళు. కానీ దానికి పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నుంచి గోడ నీడ పడుతుంది. మిగతావన్నీ పీకి పారేస్తుంటే దీంట్లో మాత్రం రెండు మొక్కల మొదట్లో మట్టి కొంచెం పగిలి, ఆ సందులోంచి ఎర్రటి దుంప భుజం బయటికొచ్చి కనిపించింది. చిన్నదే, కానీ దుంపే! అప్పుడు మట్టిలో గుచ్చే థర్మామీటర్ తెచ్చి మధ్యాహ్నం పూట, మిగతా మొక్కలున్న ఎండలోని నల్ల గ్రో బ్యాగ్‌లో, అంటే మొక్కలు పెంచే సంచిలో, పెడితే 40 డిగ్రీలు దాటింది. గోడ పక్క తొట్టిలో చాలా తక్కువ.

అప్పుడు కూర్చుని చదివితే విషయం అర్థమైంది. ముల్లంగి చలికాలపు పంట, దుంప బాగా ఊరేది 10 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో, 20 దాటి పైకి పోయే కొద్దీ ఎర్ర గుండు రకాలకి కష్టం. రాత్రి కూడా చల్లబడకపోతే పగలు ఆకు చేసుకున్న పిండిపదార్థమంతా మొక్క శ్వాసకే ఖర్చయిపోతుంది, కింద దాచుకోవడానికి మిగలదు. ఊరిన కాస్త దుంప కూడా ఘాటెక్కి, బెండు పడుతుంది. ఆ ప్యాకెట్ మీద రాసిన ఎండ, ఆ పాతిక రోజులు చలి దేశాల లెక్క. అక్కడి ఎండ వేరు, మన నెత్తిన పడే ఎండ వేరు.

అందుకని ముందు రకం మార్చా. ఎర్ర గుండ్లు వెచ్చటి చోట వద్దే వద్దు, ఎవరేం చెప్పినా సరే. వేడిని తట్టుకునే తెల్ల పొడుగు రకాలు ఉన్నాయి, పూసా చేత్కి అలాంటిదే, వేసవిలో, వానల్లో వెయ్యడానికే తయారు చేసింది, 40-45 రోజుల్లో వస్తుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ళ అర్క నిశాంత్ కూడా మంచిదే, తొందరగా బెండు పడదు, పూతకి పరిగెత్తదు. నేను వేసింది పూసా చేత్కి.

నల్ల బ్యాగులు తీసేసి లేత రంగు లోతైన తొట్లు పెట్టా, అడుగు లోతు లేకపోతే పొడుగు రకానికి చాలదు. పొద్దుట్నించి ఐదారు గంటల సేపు ఎండ, తర్వాత నీడ. మట్టి మీద ఎండాకులు రెండంగుళాల మందాన కప్పా, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఇదే, వేలు పెడితే కింద చల్లగా తగులుతుంది. నీళ్ళు రోజూ పొద్దున్నే. ఒక రోజు ఎండగట్టి మర్నాడు కుమ్మరిస్తే దుంప నిలువునా పగులుతుంది.

ఒత్తుగా మొలిచినవి తీసెయ్యడానికి ప్రాణం ఒప్పదు గానీ తియ్యాలి, మొక్కకీ మొక్కకీ నాలుగైదు అంగుళాలన్నా ఉండాలి. తీసినవి వేరే చోట నాటమని కొందరు చెప్తారు, వినకండి, తల్లివేరు తెగితే దుంప వంకర్లు పోతుంది. ఆ ఆకులు శుభ్రంగా కూరకి పనికొస్తాయి.

ఆకుల మీద చిన్న చిన్న తూట్లు పడితే అది గెంతే పురుగు, మందు కన్నా మొలక రాగానే సన్న వల కప్పడం నయం. పేనుబంకకి నీళ్ళు గట్టిగా చిమ్మితే నాకు చాలావరకు పోయింది.

దుంప తయారయ్యాక భూమిలో దాచుకోవద్దు, వేడిలో నాలుగు రోజులు ఆలస్యమైనా లోపల దూదిలా అయిపోతుంది. అందుకే అంతా ఒకేసారి వెయ్యకుండా వారానికో పది రోజులకో ఒక తొట్టి వేసుకోండి. ఇప్పుడు నాకు ఒకటి కోతలో, ఒకటి మొలకలో ఉంది. ఆ క్లాసులో నవ్విన వాళ్ళలో ఇద్దరు నిన్న నా దగ్గరికొచ్చి విత్తనం అడిగారు, ఇచ్చా, ఎండాకులు కప్పడం మర్చిపోకండి అని కూడా చెప్పా.

విత్తనం కట్టుకోవాలనుకుంటే ఒక్క మొక్క వదిలితే సరిపోదు, ముల్లంగి తన పుప్పొడితో తను సరిగా కాయదు, కనీసం నాలుగైదు మొక్కలు కలిపి పూతకి వదలండి, తేనెటీగలు చూసుకుంటాయి. లేత కాయలు పచ్చివే తినొచ్చు. కాయల కోసమే పెంచే ముల్లంగి రకం కూడా ఉంది, దానికి దుంప ఊరే బాధే లేదు, ఎండల్లో ఖాళీగా ఉండే తొట్లలో ఈసారి అదే వేస్తున్నా.