కంచమే కదా అన్నారు

పన్నెండు దాటింది. ఈయన మీద కోపం ఇంకా తగ్గలేదు.

రాత్రి హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ మొదటి పూర్తి నిడివి సినిమా ‘స్ట్రెయిట్ షూటింగ్’ పెట్టాను. 1917 నాటి మూకీ వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా. నాకిది రెండోసారి, ఆయనకి చూపించాలని ఆశ. పావుగంట కాకుండానే రిమోట్ తీసుకుని స్పీడు పెంచేశారు. “మాటల్లేవుగా, కథ తెలిసిపోతూనే ఉంది” అట. దశాబ్దాలపాటు పోయిందనుకున్న సినిమా ఇది. 1960లలో చెకొస్లోవేకియా ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికింది. అలా దొరికినదాన్ని పరిగెత్తిస్తారా ఎవరైనా!

కథదేముంది? పశువుల కామందులు రైతుల్ని వెళ్లగొట్టడానికి ఒక తుపాకీవాణ్ణి పిలిపిస్తారు. ఆ వేషం వేసింది హ్యారీ కేరీ. ఈలోగా నీళ్లకెళ్లిన రైతు కొడుకుని చంపేస్తారు. సమాధి దగ్గర ఆ తండ్రినీ చెల్లెల్నీ చూసి హ్యారీ మనసు మారిపోతుంది. స్పీడు పెంచితే మిగిలేది ఇంతే.

పోయింది కంచం. అన్న చనిపోయాక ఆ పిల్ల అతని కంచం చేతిలోకి తీసుకుంటుంది. అది సర్రున వెళ్లిపోయింది. వెనక్కి తిప్పమంటే “కంచమే కదా” అన్నారు.

నాన్న పోయిన నెలకి అమ్మ అలవాటు కొద్దీ నాలుగు కంచాలు పెట్టేసింది. నాన్నది అంచు మీద పేరు చెక్కిన పాత స్టీలు కంచం, అక్షరాలు సగం అరిగిపోయాయి. ఎవరం ఏమీ అనలేదు. తమ్ముడు తన కంచం పక్కకి జరిపి, దాన్ని ముందుకు లాక్కున్నాడు. అమ్మ వాడికి రెండుసార్లు పప్పు వేసింది. అడక్కుండానే.

ఈయన పడుకున్నాక ఆ చోటు మామూలు స్పీడులో మళ్లీ చూశాను. నిజం చెప్పాలంటే అదేమీ ఎక్కువసేపు ఉండదు. నాకే చాలాసేపు ఉన్నట్టు గుర్తుండిపోయింది. అంటే తప్పంతా రిమోట్‌ది కాదేమో.

ఫోర్డ్ అంటే ఆకాశం, గుర్రాలు, దుమ్ము అనుకునేదాన్ని. ఇరవై మూడేళ్లకే ఆయన కన్ను గుమ్మాల మీదుంది. కేరీని గుమ్మంలో నిలబెడతాడు. 1956లో ఫోర్డే తీసిన ‘ద సెర్చర్స్’ చివర హీరో జాన్ వేన్ గుమ్మం బయట నిలబడి, ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుంటాడే, అది కేరీ అలవాటే. అప్పటికి కేరీ లేడు. వేన్ కావాలనే అలా నిలబడ్డాడు.

నాన్న కంచం తమ్ముడి ఇంట్లోనే ఉండాలి. పొద్దున్నే ఫోన్ చేసి అడగాలి.